పాఠకుల ప్రశ్నలు: ఎక్సెల్ షీట్‌ని సొంత వికీలోకి మార్చుకోవడం ఎలా?

పోయిన సంచికలో సొంత వికీ గురించి నాలుగు మాటలు రాశాం కదా, దాని మీద తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఉత్తరాలు బాగా వచ్చాయి. దాదాపు అందరూ అడిగింది ఒకటే: ఏళ్ల తరబడి ఎక్సెల్‌లో పోగేసుకున్నది ఉంది, దాన్ని అందులోకి ఎలా తేవాలి? కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక్క మాట చెప్పి మొదలుపెడతాను. సొంత వికీ అంటే వికీపీడియాలాగే పేజీలూ, పేజీల మధ్య లింకులూ ఉండే నోట్సు, కాకపోతే అది మీ కంప్యూటర్లో మీ ఒక్కరి కోసం ఉంటుంది. ఈ జవాబుల్లో రెండు పేర్లు వస్తాయి. టిడ్లీవికీ 2004లో జెరెమీ రస్టన్ విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్, అందులో వికీ మొత్తం ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు, బ్రౌజర్లో తెరుచుకుంటుంది. అబ్సిడియన్ 2020లో వచ్చింది, అందులో ఒక్కో పేజీ ఒక్కో మామూలు టెక్స్ట్ ఫైలుగా ఫోల్డర్లో ఉంటుంది. రెండూ మంచివే.

ప్రశ్న: తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. పాత చిత్తూరు జిల్లాలో నేను చూసిన గుళ్ల వివరాలన్నీ ఎక్సెల్‌లో రాసుకున్నాను. ఊరు, మండలం, జిల్లా, దేవుడు, కాలం, శాసనాలు, రిమార్క్స్ అని ఏడు కాలమ్‌లు. మొదట్లో బాగానే ఉండేది. ఇప్పుడు రిమార్క్స్ గడిలో పేజీలకు పేజీలు ఉంది, చదవాలంటే ప్రాణం మీదికొస్తోంది. మా అబ్బాయి వికీలో పెట్టమంటున్నాడు. ఒక్కో వరసని ఒక్కో పేజీ చేసేస్తే సరిపోతుందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: మాస్టారూ, మీకు షీట్ ఇరుకైపోయింది ఎక్కడో మీ ఉత్తరంలోనే ఉంది. మిగతా ఆరు కాలమ్‌లతో మీకు అంత ఇబ్బంది లేదు, ఊరి పేరు ఊరి పేరే, మండలం మండలమే. రిమార్క్స్ దగ్గరే వచ్చింది చిక్కు. ఎక్సెల్ ఒక గడిలో 32,767 అక్షరాల దాకా పట్టనిస్తుంది, పడుతుంది కదా అని రాస్తూ పోతాం, కానీ దాన్ని చదవడానికి ఆ గడి పనికిరాదు. మీరు ఇన్నేళ్లు తిరిగి, అర్చకుల్ని అడిగి, గోడల మీది అక్షరాలు చూసి రాసుకున్న అసలు సరుకంతా ఆ ఏడో కాలమ్‌లో ఉంది. అందుకే పని అక్కణ్నుంచే మొదలుపెట్టండి, మొదటి కాలమ్ నుంచి కాదు.

వరసకో పేజీ అనేది సగమే సరైన మాట. గుడికో పేజీ కావాలి, నిజమే. కానీ రిమార్క్స్ చదువుకుంటూ పోతే ఏ పేర్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయో గమనించండి. స్వర్ణముఖి, కృష్ణదేవరాయలు, బాణ రాజులు, చోళులు, గజపృష్ఠ ఆకారం, ముక్కోటి ఉత్సవం... వీటికి మీ షీట్‌లో వరస లేదు, ఉండదు కూడా, ఎందుకంటే అవి గుళ్లు కావు. వికీలో మాత్రం ఒక్కోదానికి ఒక్కో పేజీ పెట్టుకోవచ్చు. స్వర్ణముఖి పేజీ తెరిస్తే ఆ నది పక్కన మీరు చూసిన గుళ్లన్నీ అక్కడే కనిపించాలి. ఈ సౌకర్యం కోసమే ఈ శ్రమంతా, అది లేకపోతే షీట్‌లోనే ఉండిపోవచ్చు.

గుడిమల్లం వరసనే తీసుకుందాం, మీ దగ్గర తప్పకుండా ఉండి ఉంటుంది. కాలం అనే గడిలో ఏం రాశారు? చాలామంది "క్రీ.పూ. 2?" అని ప్రశ్నార్థకం పెట్టి వదిలేస్తారు. అక్కడి గుళ్లోని శివలింగం క్రీస్తు పూర్వానిదని కొందరు పండితులు, కాదు ఇంకా తర్వాతదని కొందరు, ఆ చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. దానికి తోడు లింగం వయసు వేరు, ఇప్పుడు మనం చూసే గుడి కట్టడం వయసు వేరు, గోడల మీద బాణ, పల్లవ, చోళ రాజుల నాటి శాసనాల వయసు వేరు. ఈ మూడింటినీ ఒక్క గడిలో కుక్కితే ఏదో ఒకటే మిగులుతుంది. వికీ పేజీలో అయితే "లింగం", "కట్టడం", "శాసనాలు" అని మూడు చిన్న శీర్షికలు పెట్టి, ఎవరు ఏమంటున్నారో మీ మాటల్లో రాయండి, ఏ పుస్తకంలో చదివారో కూడా అక్కడే. మీరు వెళ్లిన రోజు గర్భగుడిలో ఏం చూశారు, అర్చకులు ఏం చెప్పారు అనేది నాలుగో శీర్షిక. ఆ ప్రశ్నార్థకాన్ని దయచేసి తీసేయకండి, దాని వెనకున్న కథే ఆ పేజీకి ప్రాణం.

ఇక జిల్లా కాలమ్. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడింది. మీరు అంతకుముందు రాసిన వరసలన్నిటిలో చిత్తూరు అనే ఉంటుంది. గుడిమల్లం, నాగలాపురం, సురుటుపల్లి, నారాయణవనం, తిరుచానూరు పక్కనున్న యోగిమల్లవరం ఇవన్నీ ఇప్పుడు తిరుపతి జిల్లా, కాణిపాకం చిత్తూరులోనే ఉంది. షీట్‌లో ఒక్కో గడీ దిద్దుకుంటూ కూర్చోవాలి. వికీలో ఆ పని ఉండకూడదంటే గుడి పేజీలో జిల్లా పేరు రాయనే వద్దు. గుడిమల్లం పేజీకి "ఏర్పేడు మండలం" అని ట్యాగ్, అంటే పేజీకి తగిలించే చీటీ లాంటి పేరు, పెట్టండి, ఏర్పేడు మండలం పేజీకి "తిరుపతి జిల్లా" అని ట్యాగ్ పెట్టండి. రేపు మళ్లీ జిల్లాలు మారినా మండలం పేజీ ఒక్కటి దిద్దితే చాలు, సురుటుపల్లి, నాగలాపురం రెండూ ఒకే మండలం కాబట్టి రెండూ ఒక్కసారే సర్దుకుంటాయి. పాత జిల్లా పేరు చరిత్ర కోసం కావాలంటే మండలం పేజీలో ఒక్క వాక్యం రాసుకోండి.

తేదీల సంగతి కాస్త జాగ్రత్త. ఎక్సెల్‌కి 1900 జనవరి 1కి ముందు తేదీలే లేవు. 1520లో వేసిన శాసనం తేదీని మీరు రోజు, నెల, సంవత్సరం అని టైపు చేస్తే అది తేదీగా కాదు, ఉత్త అక్షరాలుగా పడి ఉంటుంది, క్రమంలో పెట్టమంటే రోజు అంకెని బట్టి పెడుతుంది. అందుకని షీట్‌లో ఉండగానే సంవత్సరానికి విడిగా ఒక కాలమ్ పెట్టి ఉత్త అంకె వేయండి, క్రీస్తు పూర్వం అయితే ముందు మైనస్ గుర్తు. శాసనంలో శక సంవత్సరం ఉంటే దాన్ని అలాగే ఉంచి, పక్క కాలమ్‌లో 78 కలిపి క్రీ.శ. వేయండి. జనవరి నుంచి ఉగాది లోపు పడిన తిథి అయితే 79 కలపాలి, ఆ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అసలు శక సంవత్సరాన్ని మాత్రం చెరపొద్దు, లెక్క తప్పిందని ఎవరైనా అంటే చూసుకోవడానికి ఉండాలి.

షీట్‌ని బయటికి తీసే ముందు ఇంకో రెండు పనులున్నాయి. మీరు గడులకు రంగులు వేసే అలవాటున్నవారైతే, ఉదాహరణకి మళ్లీ వెళ్లి చూడాల్సిన గుళ్లకు పసుపు రంగు, ఆ రంగులు సీఎస్‌వీ ఫైల్లోకి (షీట్‌లోని మాటల్ని కామాలతో విడదీసి రాసే ఉత్త టెక్స్ట్ ఫైలు, షీట్‌ని బయటికి తీసేది ఇలాగే) రావు, గడికి తగిలించిన కామెంట్లూ రావు. కాబట్టి "మళ్లీ చూడాలి" అని ఒక కాలమ్ పెట్టి పసుపు ఉన్నచోటల్లా అవును అని రాయండి. అలాగే ఒకే మండలంలోని గుళ్లన్నిటికీ కలిపి మండలం గడిని ఒక్కటిగా కలిపేసి ఉంటే, అంటే మెర్జ్ చేసి ఉంటే, ఆ పేరు పైన ఒక్క వరసకే వస్తుంది, కింది వరసలన్నీ ఖాళీ. మెర్జ్ తీసేసి పేరు కిందిదాకా నింపండి.

చివరగా, మన భాషతో లింకులకు వచ్చే ఒక ఇబ్బంది చెప్పాలి, ఇది ఇంగ్లీషు గైడుల్లో ఎక్కడా కనపడదు. వికీలో లింకు అంటే పేజీ పేరుని జంట చదరపు బ్రాకెట్లలో పెట్టడం. గుడిమల్లం అని పేజీ ఉంటే [[గుడిమల్లం]] అని రాస్తే చాలు. కానీ మనం రాసేది "గుడిమల్లంలో చూశాను" అని కదా. [[గుడిమల్లంలో]] అని రాస్తే ఆ పేరుతో పేజీ లేదంటుంది. అందుకు [[గుడిమల్లం]]లో అని ప్రత్యయాన్ని బ్రాకెట్ బయట పెట్టండి, చదవడానికి మామూలుగానే కలిసి కనిపిస్తుంది. అయితే "నాగలాపురానికి వెళ్లాను" అన్నప్పుడు మాటే మారిపోతుంది కాబట్టి ఆ చిట్కా పనిచేయదు. అక్కడ నిలువు గీత వాడాలి. టిడ్లీవికీలో కనిపించాల్సిన మాట ముందు, పేజీ పేరు తర్వాత: [[నాగలాపురానికి|నాగలాపురం]]. అబ్సిడియన్‌లో ఇది సరిగ్గా తిరగేసి, పేజీ పేరు ముందు: [[నాగలాపురం|నాగలాపురానికి]]. వికీపీడియాలో రాసే అలవాటున్నవాళ్లకి ఈ రెండో పద్ధతే అలవాటై ఉంటుంది.

అన్ని గుళ్లూ ఒక్కసారే ఎత్తుకోకండి మాస్టారూ. మీకు బాగా ఇష్టమైన గుళ్లు ఓ పది తీసుకుని చేత్తో పేజీలు రాయండి. ఆ పది రాసేసరికి మీకు ఏ శీర్షికలు కావాలో, ఏ ట్యాగులు కావాలో తేలిపోతుంది. మిగతావాటిని అప్పుడు ఒక్కసారిగా దించుకోవచ్చు, ఎలాగో కింద ఇంకో పాఠకుడికి రాశాను, మీ అబ్బాయికి చూపించండి.

ప్రశ్న: తిరుపతిలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. మా సంఘం సభ్యుల జాబితా ఎక్సెల్‌లో ఉంది, వికీలోకి తీసుకెళ్దామని సీఎస్‌వీ చేస్తే ఒకసారి తెలుగంతా ప్రశ్నార్థకాలు వచ్చింది, ఇంకోసారి ఏవో గీతలూ చుక్కలూ ఉన్న ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. ఏది నమ్మాలి?
– ఒక డీటీపీ ఆపరేటర్, తిరుపతి

జవాబు: రెండూ వేర్వేరు జబ్బులు. మందులూ వేరు.

ప్రశ్నార్థకాలు వస్తే ఆ ఫైల్లో తెలుగు పోయినట్టే, తిరిగి రాదు. సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే పాత ఇంగ్లీషు కోడింగ్‌లో రాస్తుంది, అందులో తెలుగు అక్షరాలకు చోటు లేదు, కాబట్టి ఒక్కో అక్షరం బదులు ఒక ప్రశ్నార్థకం పెట్టేస్తుంది. ఆ ఫైలు పారేసి అసలు ఎక్సెల్ ఫైలు తెరిచి, సేవ్ యాజ్‌లో "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అని విడిగా ఉంటుంది, అది ఎంచుకోండి, యూటీఎఫ్-8 అంటే తెలుగుతో సహా అన్ని భాషల అక్షరాలకూ చోటున్న కోడింగ్. 2016 తర్వాతి ఎక్సెల్‌లో ఇది ఉంది. మీ దగ్గర అంతకంటే పాతది ఉంటే షీట్‌ని గూగుల్ షీట్స్‌లోకి ఎక్కించి అక్కణ్నుంచి సీఎస్‌వీ డౌన్‌లోడ్ చేసుకోండి, అది ఎలాగూ యూటీఎఫ్-8లోనే ఇస్తుంది. సీఎస్‌వీ అంటే తెరిచి ఉన్న ఒక్క షీట్ మాత్రమే, ఫైల్లో నాలుగు షీట్‌లుంటే నాలుగుసార్లు సేవ్ చేయాలి.

గీతలూ చుక్కలూ ఉన్న అక్షరాలు వస్తే డేటా భద్రంగా ఉన్నట్టే, చదివే సాఫ్ట్‌వేర్ తప్పుగా చదువుతోంది. సీఎస్‌వీ మీద డబుల్ క్లిక్ కొడితే ఎక్సెల్ ఇలా చేస్తుంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, తెలుగు చక్కగా ఉంటే ఆ ఫైలు మంచిదే. ఎక్సెల్‌లో అలా కనపడినప్పుడు మాత్రం సేవ్ కొట్టకండి, కొడితే ఆ గీతలే ఖాయమైపోతాయి.

మీది డీటీపీ కాబట్టి మూడో జబ్బు కూడా ఉండొచ్చు. కొన్ని కాలమ్‌లు అను ఫాంట్లలో టైపు చేసి ఉంటే, ఫాంట్ ఉన్నంతసేపూ తెలుగులా కనిపిస్తుంది, ఫాంట్ మార్చగానే పిచ్చి గుర్తులైపోతుంది. అక్కడ లోపల ఉన్నవి తెలుగు అక్షరాల కోడ్‌లు కావు, అక్షరం ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చినవి. వాటిని అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేయక తప్పదు. కాలమ్ మొత్తం ఒకేసారి వేయొద్దు. అదే గడిలో ఫోన్ నంబరో ఇంగ్లీషు ఇంటిపేరో ఉంటే కన్వర్టర్ దాన్ని కూడా తెలుగు అనుకుని చెడగొడుతుంది, కాబట్టి వాటిని ముందే పక్క కాలమ్‌లోకి జరపండి. మార్చాక వత్తులున్న పేర్లు కంటితో చదివి సరిచూసుకోండి, తప్పులు ఎక్కువగా అక్కడే దొర్లుతాయి. మనిషి పేరు తప్పు పడితే ఆ మనిషికి ఎంత బాధో పత్రికలు, శుభలేఖలు వేసే మీకు బాగా తెలుసు.

ప్రశ్న: బంగారుపాళెం దగ్గర మాకు మామిడి తోట ఉంది. తోతాపురి, బేనీషా, కొంచెం నీలం. ఏ రోజు ఎన్ని టన్నులు ఏ ఫ్యాక్టరీకి తోలాం, ఏ రేటు, డబ్బు ఎప్పుడొచ్చింది అన్నీ ఎక్సెల్‌లో రాస్తాను. ఇది కూడా వికీలోకి మార్చేయనా? ఇంకోటి, సర్వే నంబర్లు కొన్ని తేదీలుగా మారిపోయాయి, ఎందుకు?
– ఒక రైతు, బంగారుపాళెం

జవాబు: మార్చొద్దన్నా. కూడి, తీసి, హెచ్చవేసి చూడాల్సిన లెక్క షీట్‌లోనే ఉండాలి. కాటా తూకం, రేటు, బాకీ ఇవి ఒక్కో పేజీ అయితే మొత్తం ఎంత రావాలో చూసుకోవడానికి నానా తంటాలు పడాలి. వికీలో పెట్టాల్సింది వేరే ఉంది, అది బహుశా మీరు ఎక్కడా రాయడం లేదు. ఏ చేనిలో ఏ ఏడు పూత ఎప్పుడొచ్చింది, తేనెమంచు పురుగు ఎప్పుడు పడింది, బూడిద తెగులుకి ఏ మందు కొట్టారు, ఎన్ని రోజులకి తగ్గింది, ఏ చెట్టు ఏడాది విడిచి ఏడాది కాస్తోంది, బోరు ఎప్పుడు లోతు చేయించారు. చేనికో పేజీ పెట్టి, ఏ రోజుకి ఆ రోజు రెండు మాటలు రాసి, ఆ పేజీలోంచి మీ లెక్కల ఫైలుకి ఒక లింకు ఇవ్వండి. మూడేళ్ల పూత వివరాలు ఒకే చోట చదువుకునేసరికి ఏ మందు ఎప్పుడు కొట్టాలో మీకే తెలిసొస్తుంది.

సర్వే నంబర్ల సంగతి. 12/3 అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుంటుంది. మీ కంప్యూటర్లో ఇండియా సెట్టింగ్ ఉంటే మార్చి 12, అమెరికా సెట్టింగ్ ఉంటే డిసెంబరు 3. 245/2 అయితే అలాంటి తేదీ ఉండదు కాబట్టి అలాగే వదిలేస్తుంది. అందుకే మీకు కొన్నే మారాయి. ఇంటి నంబర్లలో గీత ఉన్నా ఇదే గొడవ, 10-3-45 అని కొట్టినా తేదీ అనుకుంటుంది. ఇది మన ఒక్కరి బాధ కాదు, మనిషి జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ 2020లో కొన్ని జన్యువుల పేర్లే మార్చుకుంది, మార్చ్1, సెప్ట్1 లాంటి పేర్లని ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని.

మారిపోయిన గడిని టెక్స్ట్‌గా మారిస్తే పాత నంబరు రాదు, ఐదంకెల సంఖ్య ఏదో వస్తుంది, అది 1900 నుంచి లెక్కపెట్టిన రోజుల సంఖ్య. కాబట్టి పట్టాదారు పాసు పుస్తకం, 1బి కాగితం దగ్గర పెట్టుకుని, ముందు ఆ కాలమ్ మొత్తాన్ని టెక్స్ట్ అని సెట్ చేసి, నంబర్లు చేత్తో మళ్లీ కొట్టండి. ఊహించి దిద్దొద్దు. భూమి నంబరు ఒక్క అంకె తేడా వస్తే ఎంత టెన్షనో ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకి తెలుసు.

ప్రశ్న: మాది చిత్తూరు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా తాత రాసిపెట్టిన శ్రీకాళహస్తి కలంకారీ రంగుల వివరాలు ఎక్సెల్‌లోకి ఎక్కించాను, ఇప్పుడు వందల వరసలున్నాయి. టిడ్లీవికీలోకి సీఎస్‌వీ లాగి పడేస్తే అంతా కలిపి ఒకే పేజీ అయింది. పైథాన్ వచ్చు. సరైన దారి ఏంటి?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: తమ్ముడూ, ముందుగా, తాత రాసినవి టైపు చేసి నిలబెట్టినందుకు సంతోషం. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద బెల్లం, ఇనుము ఊరబెట్టిన నల్లటి ద్రావకంతో గీత గీయడం, పటికతో ఎరుపు తేవడం లాంటివి చెయ్యి తిరిగినవాళ్ల కొలతలతో సహా రాసి ఉంటే అది చాలా విలువైన సంగతి. అందుకే తొందరపడకుండా చేద్దాం.

టిడ్లీవికీలో సీఎస్‌వీ మామూలుగా ఒక పట్టికగా ఒకే పేజీలో కూర్చుంటుంది. విడివిడి పేజీలు కావాలంటే జేసన్ ఫైలు ఇవ్వాలి. ఆ ఫైల్లో ఒక జాబితా, అందులో వరసకో అంశం, ఒక్కో అంశంలో టైటిల్, టెక్స్ట్, ట్యాగ్స్ అనే ఫీల్డ్‌లు, వీటి పేర్లు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే ఉండాలి. మిగతా కాలమ్‌లు నీకు నచ్చిన ఫీల్డ్‌లుగా పెట్టుకోవచ్చు. ఆ ఫైలుని బ్రౌజర్‌లోని వికీ మీదికి లాగితే ఏమేం వస్తున్నాయో జాబితా చూపించి, ఇంపోర్ట్ కొట్టాకే లోపలికి తీసుకుంటుంది.

నీకు తగిలే గోతులు చెబుతాను. ఎక్సెల్ యూటీఎఫ్-8 సీఎస్‌వీ మొదట్లో కంటికి కనపడని ఒక గుర్తు ఉంటుంది. పైథాన్‌లో ఉత్త యూటీఎఫ్-8 అని తెరిస్తే ఆ గుర్తు మొదటి కాలమ్ పేరుకి అతుక్కుని, టైటిల్ అనే కాలమ్ ఎదురుగా కనపడుతున్నా లేదంటుంది. యూటీఎఫ్-8-సిగ్ అని తెరిస్తే ఆ గొడవ ఉండదు. ఫైలుని నువ్వే లైన్లుగా, కామాలుగా విడగొట్టొద్దు, పైథాన్‌లోని సీఎస్‌వీ మాడ్యూల్‌నే వాడు, ఎందుకంటే తాత వివరాల గడుల్లో కామాలూ ఉంటాయి, మధ్యలో ఎంటర్లూ ఉంటాయి. జేసన్ రాసేటప్పుడు ఆస్కీకి మార్చే ఆప్షన్ ఆపేయి, లేకపోతే తెలుగంతా బ్యాక్‌స్లాష్ కోడ్‌లుగా వస్తుంది. వికీకి ఇబ్బంది లేదు గానీ నువ్వు ఫైలు తెరిచి సరిచూసుకోలేవు.

టైటిల్ విషయం అన్నిటికంటే ముఖ్యం. టిడ్లీవికీలో ఒక పేరుకి ఒకే పేజీ. షీట్‌లో "ఎరుపు" అని పదిహేను వరసలుంటే చివరికి ఒక్కటే మిగులుతుంది, మిగతావి దాని కింద కొట్టుకుపోతాయి. రంగు, సరుకు, పద్ధతి మూడూ కలిపి టైటిల్ కట్టు, కట్టాక ఒకటే పేరు రెండుసార్లు వస్తోందేమో ప్రోగ్రామ్‌తోనే చూడు. అబ్సిడియన్ అయితే పేజీ పేరే ఫైలు పేరు, కాబట్టి విండోస్‌లో స్లాష్, కోలన్, ప్రశ్నార్థకం లాంటివి పేర్లో ఉండకూడదు. టిడ్లీవికీ ట్యాగులో ఖాళీ ఉంటే, "నల్ల రంగు" లాంటిది, దాన్ని జంట చదరపు బ్రాకెట్లలో పెట్టాలి, లేకపోతే నల్ల ఒక ట్యాగు, రంగు ఇంకో ట్యాగు అవుతాయి. టిడ్లీవికీ తేదీలకు సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, సెకను, మిల్లీసెకను అన్నీ కలిపిన పదిహేడు అంకెల వరస కావాలి, అదీ గ్రీనిచ్ సమయంలో. దాన్ని ఎక్సెల్‌లో తయారుచేయకు, ఎక్సెల్ పదిహేను అంకెలకు మించి గుర్తుపెట్టుకోదు, చివరివి సున్నాలు చేసేస్తుంది. పైథాన్‌లోనే కట్టు.

తెలుగు టైపింగ్‌లో ఇంకోటి ఉంది. పొల్లు తర్వాత అక్షరం కలిసిపోకుండా ఆపడానికి కొన్ని కీబోర్డులు కనపడని గుర్తు ఒకటి పెడతాయి. చూడ్డానికి రెండు పేర్లూ ఒకేలా ఉంటాయి, కంప్యూటర్‌కి మాత్రం వేరు, లింకు తెగుతుంది. గడి చివర మిగిలిపోయిన ఖాళీలు కూడా ఇలాగే చేస్తాయి. ఎక్సెల్ ఫిల్టర్ బాణం నొక్కితే ఆ కాలమ్‌లో ఉన్న పేర్లన్నీ వరసగా కనిపిస్తాయి, అక్కడ కాళహస్తి, శ్రీకాళహస్తి, శ్రీ కాళహస్తి మూడూ కనపడితే ఒక్కటి చేసేయి. ఈ పని విసుగ్గా ఉంటుంది, కానీ మార్చే ముందు ఒక గంట దీనికి పెట్టకపోతే తర్వాత వికీలో ఒకే విషయం మూడు పేజీల్లో చెల్లాచెదురుగా ఉంటుంది.

ఇంకొక్క మాట. ప్రతి పేజీకి "మూలం" అని ఒక ఫీల్డ్ పెట్టి, అందులో షీట్‌లోని వరస నంబరు, తాత పుస్తకంలో పేజీ నంబరు వేసుకో. తాత ఏదైనా మాట నీకు అర్థంకాని విధంగా రాసి ఉంటే దాన్ని నువ్వు సరిదిద్దకు, ఉన్నది ఉన్నట్టు పెట్టి, నీ వివరణ కింద విడిగా రాయి. శ్రీకాళహస్తిలో కలంకారీ చేసేవాళ్లు ఇంకా ఉన్నారు, సెలవుకి వచ్చినప్పుడు ఆ పేజీలు చూపించి అడుగు.

ప్రశ్న: నాకు కంప్యూటర్ లేదండీ, ఫోన్ ఒక్కటే. ఇంట్లో అందరి ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, పాస్‌వర్డ్‌లు, పిల్లల టీకాలు, వంటల కొలతలు అన్నీ ఒకే గూగుల్ షీట్‌లో ఉన్నాయి. వికీలో పెట్టుకోవచ్చా?
– ఒక గృహిణి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అమ్మా, ఆధార్, బ్యాంకు, పాస్‌వర్డ్‌లు మాత్రం వికీలో పెట్టకండి, ఆ షీట్‌లోంచి కూడా తీసేయండి. ఫోన్ పోతేనో, ఎవరికైనా ఆ ఫైలు వాట్సాప్‌లో పొరపాటున వెళ్తేనో అన్నీ ఒక్కసారే బయటపడతాయి. పాస్‌వర్డ్‌ల కోసం ప్రత్యేకంగా పాస్‌వర్డ్ మేనేజర్ యాప్‌లు ఉన్నాయి, ఆధార్ డిజిలాకర్‌లో ఉంటుంది.

వంటల కొలతలు, టీకాల వివరాలు నిక్షేపంగా పెట్టుకోండి. ఫోన్‌కి అబ్సిడియన్ యాప్ ఉంది, వంటకో పేజీ, పిల్లవాడికో పేజీ. మీ షీట్‌లో ఉన్నవి కొన్నే అయితే ప్రోగ్రాములు, సీఎస్‌వీ అని తల పట్టుకోవద్దు, గడిలోది కాపీ చేసి పేజీలో అతికించడమే తేలిక. టిడ్లీవికీని ఫోన్ బ్రౌజర్లో వాడితే సేవ్ కొట్టిన ప్రతిసారీ కొత్త కాపీ డౌన్‌లోడ్ అవుతుంది, ఏది కొత్తదో తెలియక ఇబ్బంది. ఆండ్రాయిడ్‌లో దానికోసం టిడ్లాయిడ్ అనే యాప్ ఉంది, అందులో తెరిస్తే అదే ఫైల్లో సేవ్ అవుతుంది.

ప్రశ్న: వికీలోకి మార్చాక పాత ఎక్సెల్ ఫైలు తీసేయొచ్చా?
– ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: వద్దు. ముందు షీట్‌లో ఎన్ని వరసలున్నాయో, వికీలో అన్ని పేజీలు వచ్చాయో లేదో చూడండి. తక్కువ వస్తే ఒకే పేరుతో రెండు వరసలు ఉన్నాయన్నమాట. తర్వాత అక్కడక్కడా కొన్ని వరసలు తీసి, పేజీతో పక్కపక్కన పెట్టి చదవండి, ముఖ్యంగా పొడుగ్గా రాసినవి, తేదీలున్నవి. సరిపోతే పాత ఫైలు పేరులో ఆ రోజు తేదీ చేర్చి, రీడ్ ఓన్లీ చేసి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇంకోచోట ఒకటి దాచండి. ఆ రోజు నుంచి కొత్తది ఏది రాసినా వికీలోనే రాయండి. కొంత అక్కడా కొంత ఇక్కడా రాస్తే ఆరు నెలల్లో ఏది సరైనదో మీకే తెలియకుండా పోతుంది. వికీ ఫైలుకి కూడా వారానికోసారి కాపీ తీయండి, టిడ్లీవికీ అయితే ఒక్క ఫైలే కాబట్టి ఎక్కువసేపు పట్టదు.